బాలాపూరు గణపతి

భాగ్యనగరమును జూడబోయినవారు చార్మినారును, గోలకొండను జూచి మరలివత్తురు. మేము 2025 వ సంవత్సరమున గణేశనిమజ్జనమునాడు బిడ్డలతో బాలాపూరునకు బోయితిమి. దిల్‌సుఖ్‌నగరునుండి కర్మన్‌ఘాటు ఆంజనేయస్వామి గుడిమీదుగా దక్షిణమునకు సాగిన ఈ యూరు వచ్చును. ఒకనాడు పొలముల నడుమనున్న పల్లె యిది. నేడు మహానగరము దీనిని దనలో గలుపుకొన్నది. అయినను ఊరి బొడ్రాయి నేటికిని పూజ లందుకొనుచున్నది.

ఇచట 1980 నుండి వినాయకుని నిలుపుచున్నారు. స్వామిచేతి లడ్డూను వేలము వేయుట 1994 లో మొదలయ్యెను. నాడు పలికిన వెల 450 రూపాయలు. పాడుకొన్న రైతు ఆ ప్రసాదమును పొలమున జల్లెననియు, నాటినుండి యాతనికి గలిసివచ్చెననియు జెప్పుకొందురు. ఆ నమ్మికయే యేటేట వెలను పెంచినది. 2020 లో మహమ్మారివలన వేలము నిలిచినది. 2025 లో 21 కిలోల లడ్డూ 35 లక్షల రూపాయలకు బోయినది. ఈ ధనమును ఊరి గుడులకును, బడులకును, ఇతరములగు మేలిపనులకును వెచ్చింతురు.

స్వామి యూరేగి బొడ్రాయికడకు వచ్చునప్పటికి మిద్దెలన్నియు జనముతో నిండియుండెను. పాట ముగిసినంతనే స్వామి హుస్సేనుసాగరము దారి పట్టెను. అందఱి నోటను వెలమాటయే. మా చిన్నది మాత్రము "అమ్మా! లడ్డూను తినక పొలములో నేల చల్లుదురు?" అని యడిగెను. నవ్వి యూరకుండదగిన ప్రశ్న కాదిది. పురాణములు పుట్టినచోటికి ద్రోవ జూపు ప్రశ్న.

మనము గణపతిపూజలో జెప్పుకొను ఋగ్వేదమంత్రము రెండవ మండలమున 23 వ సూక్తములోనిది. అందు స్తుతింపబడిన దేవత బ్రహ్మణస్పతి. ఏనుగుమొగము మాట యందు లేదు. విఘ్నములు గలిగించు వినాయకులు వేఱుగా గలరు. మానవగృహ్యసూత్రము వారిని నలుగురని చెప్పినది. యాజ్ఞవల్క్యస్మృతికి వచ్చుసరికి ఆ నలుగురును ఒక్కడైనారు. ఆ వినాయకుడు పట్టినచో కన్యకు వరుడు దొరకడట. ఇల్లాలికి సంతు గలుగదట. శిష్యునకు జదువు రాదట. వర్తకునకు లాభము లేదట. రైతునకు బంట దక్కదట. శాంతికై చెప్పిన నైవేద్యములలో బెల్లము గలిపిన పిండియు, మోదకములును గలవు. పిదప వినాయకుని తల్లియగు అంబికకు మ్రొక్కవలెనని విధి.

ఇది చదివినవారికి బాలాపూరు వింత గాదు. పంట దక్కునో దక్కదో యను భయమును, తీపి పెట్టి వేల్పును మంచిచేసికొందమను నాశయు అంత ప్రాతవి.

మఱి భయపెట్టు వేల్పును మన పెద్దలేమి చేసిరి? ఇంటిబిడ్డను జేసికొనిరి. శివపురాణమున పార్వతి తన మేని మట్టితో బాలుని జేసి వాకిట గావలి యుంచినది; మన వ్రతకథలో నా మట్టి నలుగుపిండి యైనది. తండ్రి యెఱుగక తల దునిమెను. తల్లి శోకించెను. ఏనుగుతల వచ్చెను, తొలిపూజ దక్కెను. అడ్డు నిలిచినవాడే యడ్డు దొలగించువాడైనాడు. ఆ బాలుడు అడ్డు నిలిచినదియు దల్లిమాట నిలుపుటకే గదా! పురాణములు కల్లలని కొట్టివేయువారును, ప్రత్యక్షరము నట్లే జరిగెనని వాదించువారును ఈ మర్మమును జూడకపోవుచున్నారు. మనుష్యుడు తన భయమును జుట్టముగా మార్చుకొన్న విధమే పురాణమని మాకు దోచుచున్నది.

లడ్డూకై 35 లక్షలు పెట్టగలవారు మనలో నెందఱు? పెట్టనక్కఱయు లేదు. ఏ వ్రతమునకైనను ముందు మనము చిటికెడు పసుపు తడిపి, ముద్ద చేసి, తమలపాకుపై నిలిపి గణపతి యని మ్రొక్కుచున్నాము. పార్వతి చేసిన పనినే మన చేతులును జేయుచున్నవి. దానికి వేలము లేదు, వెలయు లేదు.

లడ్డూ యెంత పలికినదని బిడ్డలడిగినచో జెప్పుడు. దానితోబాటు ఆ తల్లి కథయు జెప్పుడు.