తొమ్మిది బొమ్మలు... చేతిలో గిటారు లేదు!

నాష్‌విల్ అనగానే అమెరికన్లకు గిటారే గుర్తొస్తుంది. టెనెసీ రాష్ట్ర రాజధాని అయిన ఈ ఊరి ముద్దుపేరు ‘మ్యూజిక్ సిటీ’. 1925లో మొదలైన ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ రేడియో కార్యక్రమం ఇక్కడి పల్లెపాటను దేశమంతా వినిపించింది. అలాంటి ఊళ్లో సంగీతానికి విగ్రహం పెడితే చేతిలో గిటారు ఉండాలిగా... లేదు!

మ్యూజిక్ రో వీధి మొదట్లో వాహనాలు చుట్టి వెళ్లే కూడలి. మధ్యలో పచ్చగడ్డి దిబ్బ. దానిమీద సుమారు 40 అడుగుల కంచు శిల్పం ‘మ్యూజికా’. తొమ్మిదిమంది ఆడామగా గుండ్రంగా నాట్యమాడుతుంటారు. ఒక్కొక్కరి ఎత్తు 14 నుంచి 15 అడుగులు. అందరికంటే పైనున్న అమ్మాయి చేతిలో ఉన్నది మాత్రం మన కంజిరలాంటి టాంబొరిన్. పాట ఏ ఒక్కరి సొత్తూ కాదన్నట్టు ఆ తొమ్మిదిమందిలో తెల్లవారు, నల్లవారు, ఆసియా వాసులు... అన్ని జాతుల పోలికలూ కనిపిస్తాయి.

స్థానిక శిల్పి అలన్ లెక్వైర్ చేతుల్లో రూపుదిద్దుకున్న ఈ శిల్పాన్ని 2003లో ఆవిష్కరించారు. బొమ్మల ఒంటిమీద నూలుపోగు లేదని అప్పట్లో పెద్ద గొడవే అయింది. ఇప్పుడది ఊరి గుర్తుల్లో ఒకటి.

తొమ్మిది అంటే ఆ ఊళ్లో మరో కథా ఉంది. బానిసత్వం నుంచి బయటపడ్డవారి కోసం పెట్టిన ఫిస్క్ విద్యాసంస్థ ఖజానా 1871లో ఖాళీ అయింది. అప్పుడు తొమ్మిదిమంది విద్యార్థులు పాటలు పాడి డబ్బు తేవడానికి బయల్దేరారు. వారిలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవారే! విక్టోరియా రాణి ముందూ పాడిందా బృందం. వాళ్లు తెచ్చిన సొమ్ముతో కట్టిన జూబ్లీ హాల్ నేటికీ ఉంది.

అన్ని పాటలకీ అంత అదృష్టం లేదు. మ్యూజిక్ రోలో స్టూడియోలు చాలావరకు చిన్నచిన్న పాత ఇళ్లలోనే నడిచేవి. ఈ వీధిలోని స్టూడియో బీలో ఎల్విస్ ప్రెస్లీ 200కు పైగా పాటలు రికార్డు చేశాడు. స్థలాల ధరలు పెరిగేకొద్దీ ఎన్నో ఇళ్లను కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టేశారు. 2014లో స్టూడియో ఏనూ కూల్చబోతే సంగీతాభిమానులు అడ్డుపడి కాపాడుకున్నారు. 2019లో అమెరికాలో ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలోకి ఈ వీధే చేరింది.

మీ పిల్లలో, బంధువులో అటువైపు ఉండి మీరూ నాష్‌విల్ వెళితే కూడలి దగ్గర ఫొటో దిగి వెనుదిరగకండి. వీధిలోకి నడవండి. కంచు బొమ్మ ఎక్కడికీ పోదు... ఆ చిన్న ఇళ్లనే ముందు చూడాలి!