కాగితపుపూల బడి

కాగితముతో పూలు చేయుట యన్న మాకు చిన్ననాటినుండి మక్కువ మెండు. తండ్రిగారు ప్రబంధములు చెప్పుచున్నంతసేపును మా చేతులు కాగితపు ముక్కలను మడచుచునే యుండెడివి. చతుష్షష్టి కళలలో మాల్యగ్రథన మున్నదిగాని కాగితపుపూలు లేవు. ఆ పట్టిక పుట్టిననాటికి మన దేశమున కాగితము వాడుకలో లేదు గదా యని మేము సమాధానపడుచుందుము.

నాలుగేండ్ల క్రిందట మా దసరా బొమ్మలకొలువులోని బంతిదండలను చూచి యిరుగుపొరుగువారు నేర్పుమనిరి. సంతోషముతో నేర్పితిమి. కాగితము మాది, తీగె మాది, మధ్యాహ్నమును మాదే. రెండు నెలలలో 900 రూపాయలు కాగితమునకే పోయినట్లు లెక్కలో తేలినది. అయినను రుసుము అడుగుటకు నోరు రాలేదు. విద్య నమ్ముకొనుట కాదా యని మా వారితో అంటిమి. ఆయన నవ్వి, "నేను బడిలో నెలనెలా జీతము పుచ్చుకొనుట లేదా? అది తప్పు కానిచో ఇది తప్పెట్లగును?" అనిరి. మరునెలనుండి 300 రూపాయలు రుసుము, కాగితపు ఖర్చు వేరు అని చెప్పితిమి. తొమ్మిదిమందిలో ఐదుగురు నిలిచిరి.

రుసుము పుచ్చుకొన్నపిదప మాకు భయము పట్టుకొనెను. వంకరపూవు ఇంటికి పోయిన పెద్దలేమనుకొందురో యని ప్రతివారి పనిని మేమే సవరించి తుదముట్టించుచుంటిమి. నెల చివర దర్జీవారి కోడలు తన పూలబుట్టను మా ముందుంచి, "అమ్మగారూ, ఇవన్నియు మీ పూలే. నా చేతిపూవు ఒక్కటియు లేదు" అని కన్నీరు పెట్టుకొనెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ముడుతల కాగితమునకు ఒక వాటమున్నది. ముడుతగీతలు రేకు మొదటినుండి కొసవరకు నిలువుగా నుండునట్లు కత్తిరింపవలయును. అప్పుడు రెండు బొటనవ్రేళ్లతో నడుమ ప్రక్కలకు లాగినచో రేకు దోసిలివలె గుంటపడును. గీతలు అడ్డమైనచో ఎంత లాగినను గుంటపడదు, పూవు విప్పారదు. దీనిని నోటితో చెప్పుటకు క్షణము చాలును. చేతికి తెలియుటకు పది రేకులైనను చెడవలయును. ఆ పది రేకులను మేము చెడనిచ్చితిమి కాము.

నాటినుండి కత్తెర ముట్టక, చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుండ నేర్చితిమి. పూవు కట్టుటకంటె ఇదియే కష్టము! మొదట బంతి యొక్కటే నేర్పుదుము. కాగితపు పట్టీ అంచును సన్నముగా చీల్చి చుట్టుటయే గదా. గులాబి నాలుగవ వారమునకు గాని రాదు. వంకరపూలను చూచి ఇద్దరు తల్లులు పిల్లలను మాన్పించిరి. ఆ నెల 600 రూపాయలు తగ్గెను. మా వారు ఏమియు అనలేదు. మెల్లగా వేరొకరు చేరిరి. ఈ వయస్సున నాకేల యని సంకోచించిన ఒక పెద్దమ్మగారికి మేరీ డెలానీ కథ చెప్పితిమి. ఆ ఆంగ్లవనిత డెబ్బదియేండ్లు దాటినపిదప రంగుకాగితములు కత్తిరించి అతికి పూలచిత్రములు చేయనారంభించి, చూపు మందగించువరకు వేయింటికి దగ్గరగా చేసెను. అవి నేడు బ్రిటిషు మ్యూజియమున నున్నవి. పెద్దమ్మగారు కళ్లజోడు తుడుచుకొని కత్తెర అందుకొనిరి.

ఇప్పుడు మా బడిలో పదునొకండుగురు. దర్జీవారి కోడలు మానివేసినది. తన యింటనే పెండ్లిపందిళ్లకు పూలు కట్టి యిచ్చుచున్నది. మొన్నటి సంక్రాంతి కొలువునకు ఆమె తామరలను మేము వెలయిచ్చి కొంటిమి. ఒకదానిలో రేకొకటి కొంచెము ప్రక్కకు ఒరిగియున్నది. దానిని మేము ముట్టలేదు.