తొడ చప్పుడు

తొడ చరచడం రాయలసీమకు కొత్త కాదు. గోదాలోకి దిగిన మల్లుడు తొడ చరుస్తాడు. చెడుగుడులో కూతకు బయలుదేరినవాడు గీత దాటే ముందు తొడ చరుస్తాడు. 2014లో మొదలైన ప్రొ కబడ్డీ పోటీలలోను ఆ చప్పుడు వినబడుతూనే ఉంది. తిరునాళ్లలో బండలాగుడు పందెం ముగిసిన తరువాత గెలిచిన ఎద్దుల యజమాని మీసం దువ్వుకోవడం కర్నూలు, కడప పల్లెలు ఎరిగిన దృశ్యమే. ఈ చేష్టలలో ఉత్సాహం ఉంది, పౌరుషం ఉంది, ఒక విధమైన అందం కూడా ఉంది. వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే అదే చప్పుడు ఒకనాడు నా చేతి నుండి వెలువడి, ఇన్నేళ్లుగా నన్ను వెంటాడుతున్నది.

నేను ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న రోజులవి. కర్నూలులో కళాశాలల మధ్య ఫుట్‌బాల్ పోటీలు జరుగుతున్నాయి. మా మైదానంలో గడ్డి పేరుకైనా ఉండేది కాదు. ఎండకు గట్టిపడిన నేల మీద పడితే మోకాలి చర్మం లేచి వచ్చేది. చివరి పోటీలో కడప వైపు నుండి వచ్చిన జట్టుతో తలపడ్డాము. వారు తెల్లవారకముందే బస్సెక్కి, మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా ప్రయాణం చేసి, ఆ బడలిక తీరకుండానే ఆటకు దిగారు. వారిలో సగం మంది కాళ్లకు బూట్లు లేవు. గోల్‌కీపర్ సన్నని కుర్రవాడు. అతని చేతులకు తొడుగులు కూడా లేవు.

ఆట ముగియడానికి పది నిమిషాలు ఉందనగా మేము రెండు గోల్స్ ముందున్నాము. అప్పుడు బంతి నా కాలికి చిక్కింది. గోల్‌కీపర్ నా మీదికి ఉరికాడు. బంతిని ఎడమకు తిప్పినట్లు నటించి కుడికి లాగాను. అతడు బోర్లపడ్డాడు. ఎదురుగా గోల్ ఖాళీగా ఉంది. ఒక్క తన్ను తంతే చాలు. కాని నేను తన్నలేదు. బంతిని గీత దగ్గర ఆపి, అతడు లేచే వరకు వేచి చూశాను. అతడు లేచి మళ్లీ దూకాడు. మళ్లీ తప్పించాను. మళ్లీ పడ్డాడు. అప్పుడు బంతిని మడమతో లోపలికి నెట్టి, పడి ఉన్న ఆ కుర్రవాని మీదికి వంగి తొడ చరిచాను. మా వాళ్ల ఈలలతో మైదానం మారుమోగింది.

ఆట ముగిసిన తరువాత నీళ్ల కోసం వేపచెట్టు కిందికి వెళ్లాను. అక్కడ ఆ గోల్‌కీపర్ కూర్చొని ఉన్నాడు. తలకు రుమాలు చుట్టుకున్న ఒక పెద్దాయన అతని మోచేతి నెత్తుటిని నీళ్లతో కడుగుతున్నాడు. ఆయన ఆ పిల్లవాని తండ్రి. కొడుకు ఆట ఎన్నడూ చూడలేదని, సేద్యం పని ఒక్కరోజు పక్కనబెట్టి జట్టుతో పాటు వచ్చాడని తరువాత తెలిసింది.

ఆయన నన్ను గుర్తుపట్టి, "బాగా ఆడినావు నాయనా" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. కొంతసేపు ఆగి, "మావాడు మొదట పడినప్పుడే గోలు ఏసింటే సరిపోయేది గదా. మళ్లీ లేపి పడేయాల్నా?" అని అడిగాడు. కొడుకు తల ఎత్తలేదు. క్షమించమన్న మాట నా గొంతు దాకా వచ్చింది. అంతలో కప్పు అందుకోవడానికి రమ్మని మిత్రులు కేక వేశారు. నేను వెళ్లిపోయాను.

గెలిచినవాడు సంతోషించకూడదా? ఆ ప్రశ్నతో చాలాకాలం నన్ను నేను సమర్థించుకున్నాను. కాని ఆట నియమాలు సంతోషాన్ని ఎక్కడా నిషేధించలేదు. గోల్ వేసినవాడు గంతులు వేయవచ్చు, సహచరులను కౌగిలించుకోవచ్చు. ఎదుటివారిని రెచ్చగొట్టే, వెక్కిరించే చేష్టలు చేస్తే మాత్రం ఫుట్‌బాల్‌లో రిఫరీ పసుపు కార్డు చూపుతాడు. అమెరికాలో ఫుట్‌బాల్ అనే పేరుతోనే ఆడే వేరొక ఆట ఉంది. అక్కడి వృత్తి క్రీడాకారుల సంఘటన అయిన ఎన్.ఎఫ్.ఎల్. 2017లో సంబరాలపై ఉన్న ఆంక్షలను చాలావరకు సడలించింది. ప్రత్యర్థిని అవహేళన చేసినందుకు విధించే 15 గజాల శిక్షను మాత్రం తొలగించలేదు. సంబరం వేరు, అవహేళన వేరు అన్న వివేకం ఆ నియమంలో ఉంది.

మాట ఎంత దూరం పోగలదో 2006 జూలై 9న లోకమంతా చూసింది. బెర్లిన్‌లో ప్రపంచ కప్ అంతిమ పోటీ జరుగుతున్నది. ఇటలీ ఆటగాడు మాటెరాజీ అన్న మాటలకు ఫ్రాన్స్ నాయకుడు జిదాన్ సహనం కోల్పోయి, అతని రొమ్మును తలతో గుద్దాడు. ఎర్ర కార్డుతో మైదానం విడిచాడు. ఆ మహా క్రీడాకారుని చివరి ఆట అట్లా ముగిసింది. ఫిఫా జిదాన్‌కు మూడు ఆటల నిషేధం, మాటెరాజీకి రెండు ఆటల నిషేధం విధించింది. కొట్టినవాడే కాక, రెచ్చగొట్టినవాడు కూడా దోషి అయ్యాడు. మాటకు మాట పెరిగితే ఏమవుతుందో మన సీమవాసులకు వేరుగా చెప్పనవసరం లేదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ 2014 జూలై 8న బ్రెజిల్‌లో కనిపించింది. సెమీఫైనల్‌లో విరామ సమయానికే జర్మనీ 5–0 ఆధిక్యంలో ఉంది. ప్రత్యర్థిని అవమానించరాదని, చివరి వరకు శ్రద్ధగా ఆడాలని విరామంలో నిశ్చయించుకున్నామని ఆ జట్టు ఆటగాడు మాట్స్ హుమ్మెల్స్ తరువాత వెల్లడించాడు. వారు గోల్స్ వేయడం మానలేదు. మరో రెండు వేసి 7–1తో గెలిచారు. జాలితో ఆట తగ్గించడం గౌరవం కాదు. ఆటను ఆటగా ఆడడమే గౌరవం. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందన్న మన సామెతకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం దొరకదు. ఆ తండ్రి నన్ను అడిగింది కూడా ఇదే. నేను గోల్ వేయడాన్ని ఆయన తప్పుపట్టలేదు.

హేళనకు గురైనవారు ఎట్లా నిలబడాలో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కరలేదు. ఉపాధ్యాయుడై, హైదరాబాదు పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం 1962 ఆసియా క్రీడలలో భారత జట్టుకు శిక్షకుడు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని భారతీయుడైన ఒక క్రీడాధికారి విమర్శించినందున జకార్తా ప్రేక్షకులు మన దేశంపై కోపంగా ఉన్నారు. సెప్టెంబర్ 4న అంతిమ పోటీలో దాదాపు లక్ష మంది మన ఆటగాళ్లను గేలి చేశారు. సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. తలకు కుట్లు పడిన గాయంతోనే జర్నైల్ సింగ్ బరిలోకి దిగాడు. గోల్స్ పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ వేశారు. భారత్ 2–1తో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం గెలిచింది. గేలికి వారిచ్చిన జవాబు ఆ రెండు గోల్స్. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశాడు.

మైదానంలోకి దిగే యువకులకు నేను చెప్పదలచింది స్వల్పం. తలపడే ముందు చరచిన తొడ "నేను సిద్ధం, నీవూ రా" అంటుంది. అది సమానుని పిలుపు. పడినవాని మీద చరచిన తొడ "నీవు లేవవద్దు" అంటుంది. చప్పుడు ఒక్కటే, అర్థాలు రెండు.

తుంగభద్ర నీటిని కర్నూలు నుండి కడపకు తీసుకొనిపోయే కె.సి. కాలువ పక్కగా బస్సులో వెళ్లినప్పుడెల్లా ఆ తండ్రీకొడుకులు గుర్తుకు వస్తారు. వారి ఊరి పేరు ఆనాడు అడగలేదు. ఆ కప్పు ఎక్కడ ఉన్నదో ఇప్పుడు నాకు తెలియదు. ఆ వేపచెట్టు కింద గొంతులో నిలిచిపోయిన మాట మాత్రం ఇంకా అక్కడే ఉన్నది.