తుపాకీ తన్ను - భుజం లెక్క

ఈసారి కాస్త పెద్ద పోస్టే. తీరిగ్గా కాఫీ పెట్టుకుని చదవండి.

మొన్న మన వాట్సాప్ గ్రూపులో ఒక సభ్యుడు అడిగిన ప్రశ్న చాలామంది చూసే ఉంటారు. వాళ్ళ నాన్నగారి కాలంనాటి పెద్ద వేట రైఫిల్ ఒకటి లైసెన్సుతో సహా ఆయన పేరు మీదికి వచ్చింది. ఆయనకు అరవై దాటాయి, కుడి భుజానికి ఆపరేషన్ అయింది. "తన్ను తగ్గేలా తేలిక తూటాలు కట్టిచ్చేవాళ్ళు ఎవరైనా తెలుసా?" అన్నది ప్రశ్న. దానికి నవ్వు బొమ్మలు వచ్చాయి, "దిండు పెట్టుకోండి సార్" అన్న జవాబులు వచ్చాయి. ఒకరు మాత్రం "మా ఊళ్ళో ఒకాయన ఉన్నాడు, ఇంట్లోనే కట్టిస్తాడు" అని రాశారు. ఆ చివరి జవాబు చూశాక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ప్రశ్న నవ్వాల్సింది కాదు. వందేళ్ళ కిందట పెద్ద పెద్ద వేటగాళ్ళూ తుపాకులు చేసే కంపెనీలూ తలలు పట్టుకున్న ప్రశ్న ఇదే.

తుపాకీ ఎందుకు తన్నుతుంది? నేను ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజనీరుగా చేశాను కాబట్టి లెక్క చెప్పకుండా ఉండలేను, కొంచెం ఓర్చుకోండి. గుండు ముందుకు ఎంత ఊపుతో పోతుందో అంత ఊపూ వెనక్కి రావాల్సిందే. మనం బళ్ళో చదువుకున్న న్యూటన్ మూడో సూత్రం. గుండుతో పాటు కాలిన మందు వాయువు కూడా గొట్టంలోంచి దూసుకుపోతుంది, దాని వాటా కూడా మన భుజమే మోయాలి.

మన బెంగళూరు మనిషి ఉదాహరణే తీసుకుందాం. కెన్నెత్ ఆండర్సన్ పేరు వినని వాళ్ళు ఇక్కడ తక్కువ. 1910లో సికింద్రాబాదు పక్కన బొలారంలో పుట్టి, బెంగళూరులో విమానాల ఫ్యాక్టరీలో పనిచేసి, 1974లో పోయాడు. నరమాంసానికి మరిగిన పులుల గురించి ఆయన రాసిన పుస్తకాలను కన్నడంలోకి పూర్ణచంద్ర తేజస్వి తెచ్చారు. ఆయన చేతిలో ఎక్కువగా కనిపించేది .405 వించెస్టర్. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికా వేటకు తీసుకెళ్ళింది కూడా ఈ రకమే. దాని గుండు బరువు దాదాపు 19 గ్రాములు, వేగం సెకనుకు 670 మీటర్లు. తుపాకీ బరువు నాలుగు కిలోలకు కాస్త తక్కువ. నేను వేసిన లెక్కలో భుజానికి తగిలే దెబ్బ సుమారు 40 జౌళ్ళు. అంటే నాలుగు కిలోల బియ్యం సంచి మీటరు ఎత్తునుంచి పడ్డట్టు. పైగా ఆ పాత రైఫిల్ మడమకు రబ్బరు ఉండదు, వంపు తిరిగిన ఇనుప పలక ఉంటుంది. సంచి మెత్తగా పడదు, అంచుతో పడుతుంది.

ఇది ఇంకా నయం. ఏనుగుల కోసం ఇంగ్లండులో చేసిన .600 నైట్రో ఎక్స్‌ప్రెస్ గుండు 58 గ్రాములు. ఏడు కిలోల తుపాకీ అయినా దాని దెబ్బ ఇంచుమించు 125 జౌళ్ళు, అంటే మూడింతలు.

భుజం కమిలితే నాలుగు రోజుల్లో మానుతుంది. అసలు చిక్కు మనసుతో. ఒకసారి గట్టిగా తన్నించుకున్న మనిషి రెండోసారి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసుకుంటాడు, భుజం ముడుచుకుంటాడు, చెయ్యి ఒక్క వెంట్రుకవాసి కదులుతుంది. వంద గజాల దూరంలో ఆ వెంట్రుకవాసి జానెడు అవుతుంది. గుండె దగ్గర తగలాల్సింది పొట్టలో తగులుతుంది, తలకు తగలాల్సింది దవడకు తగులుతుంది.

దవడ అన్నది ఊరికే అనలేదు. 1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. చచ్చాక చూస్తే దాని కుడివైపు పై కోర, కింది కోర విరిగిపోయి ఉన్నాయి. ఎవరో ఎప్పుడో కాల్చిన గుండు దెబ్బ అది. కోరలు లేక అలవాటైన వేట చెయ్యలేక అది మనుషుల మీద పడిందన్నది కార్బెట్ అభిప్రాయం. ఆండర్సన్ కూడా తన పుస్తకాల్లో పదే పదే చెప్పేది ఇదే: గాయపరిచి వదిలేసిన జంతువే తర్వాత ఊరి మీద పడుతుంది. అంటే గురి తప్పిన వాడు ఇంటికిపోయి నిద్రపోతాడు. దాని బాకీ ఎవరో కట్టెలకు పోయిన ఆడమనిషి తీరుస్తుంది.

తన్ను తగ్గించడమంటే సుకుమారం కాదని నేననేది ఇందుకే.

మాది భాకరాపేట వైపు. అప్పుడు చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. ఆండర్సన్ 1954లో వేసిన మొదటి పుస్తకంలో చామల లోయ పులి కథ ఉంది, ఆ చామల మా పక్కనే. మా తాతకు పైరు కాపాడుకోవడానికి లైసెన్సు ఉన్న పన్నెండు బోరు ఒంటిగొట్టం తుపాకీ ఉండేది. సెనక్కాయ చేల మీద అడవిపందులు పడే రోజులవి. ఇత్తడి తూటాగుల్లలు నాలుగైదు ఉండేవి. కాల్చినవే మళ్ళీ కడిగి, ఎండబెట్టి, టోపీ మార్చి, నల్లమందు పోసి, అట్టముక్క అదిమి, సీసపు గుళ్ళు వేసి కట్టేవాడు. మా చిన్నాయన నేర్చుకునే రోజుల్లో తాత ఆయనకు మాత్రం విడిగా తేలిక తూటాలు కట్టి ఇచ్చేవాడట. "అదేం నాయనా, నేనేమైనా ఆడపిల్లనా" అని చిన్నాయన ఉక్రోషపడితే, మా అవ్వ వంటింట్లోంచి "ఆ తుపాకి నేనూ కాల్చినాను లేరా, నీ మాదిరి కండ్లు మూసుకోలేదు" అందట. ఈ కథ మా ఇంట్లో ప్రతి పెళ్ళిలోనూ ఒకసారి నడుస్తుంది. తాత మాత్రం ఒక్కటే చెప్పేవాడట: "భుజం బెదిరితే కన్ను మూసుకుంటాది. కన్ను మూసుకుంటే పంది కుంటుకుంటా అడివిలోకి పోతాది. రేపు కట్టెలకు పోయేది మనోళ్ళే కదా." కార్బెట్‌ను ఆయన చదవలేదు.

మరి తన్ను తగ్గించే దారులేమిటి? లెక్క ప్రకారం ముఖ్యంగా నాలుగు. గుండు బరువు తగ్గించడం, దాని వేగం తగ్గించడం, తుపాకీ బరువు పెంచడం, మడమకు రబ్బరు వెయ్యడం. ఇందులో ఒక తమాషా ఉంది. తుపాకీ బరువు మారకపోతే, దెబ్బ శక్తి ఊపు వర్గాన్ని బట్టి ఉంటుంది. ఊపును నూటికి ముప్పై తగ్గిస్తే చాలు, దెబ్బ సగానికి పడిపోతుంది. అందుకే "కొంచెం మందు తగ్గిస్తే పోలా" అన్న ఆశ అందరికీ పుడుతుంది.

పాత కంపెనీలు కూడా తగ్గించాయి, కానీ ఆషామాషీగా కాదు. కార్డైట్ అనే పొగరాని మందు వచ్చిన కొత్తలో ఇంగ్లండు చలిలో బాగానే ఉన్న తూటా మన ఎండలో ఎక్కువ ఒత్తిడి పుట్టించేది. ఒక్కోసారి కాల్చిన గుల్ల గొట్టంలోంచి ఊడి రాక ఇరుక్కునేది. ఎదురుగా పులి ఉన్నప్పుడు ఆ పరిస్థితి ఊహించుకోండి. అందుకని ఉష్ణదేశాల కోసమే మందు తగ్గించిన తూటాలు విడిగా చేసి ఇక్కడికి పంపేవాళ్ళు. అలాగే నల్లమందు కోసం చేసిన పాత గొట్టాలకు సరిపడేలా కార్డైట్ తగ్గించి ఇంకో రకం కట్టేవాళ్ళు. అవన్నీ ఒత్తిడి కొలిచే పరికరాలు దగ్గర పెట్టుకుని, గొట్టాల మీద పరీక్షించి చేసిన పనులు.

ఇంట్లో టేబుల్ మీద చేస్తే ఏమవుతుంది? మూడు ప్రమాదాలు చెబుతాను.

మొదటిది, మందు మరీ తక్కువైతే గుండు గొట్టం మధ్యలోనే ఆగిపోతుంది. "పేలలేదు" అనుకుని రెండో తూటా వేసి కాలిస్తే గొట్టం చీలుతుంది. రెండోది, నిదానంగా కాలే మందును తగ్గిస్తే ఒత్తిడి తగ్గుతుందని మన బుద్ధి చెబుతుంది. కానీ పెద్ద గుల్లలో కొద్ది మందు అడుగున పరుచుకుని ఉన్నప్పుడు అది ఒక్కోసారి తీరూతెన్నూ లేకుండా కాలి, నిండు మందు కంటే ఎక్కువ ఒత్తిడి పుట్టించిన సందర్భాలున్నాయి. తక్కువ పోస్తే తక్కువే అన్న సూత్రం ఇక్కడ చెల్లదు. మూడోది, త్వరగా కాలే మందు కొద్దిగా వాడితే గుల్లలో సగానికి పైగా ఖాళీ ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగిపోదు, కంటికి కనిపించదు. భుజం కోసం మొదలుపెట్టిన పని చేతివేళ్ళ మీదికి, కంటి మీదికి వస్తుంది.

ఇంకొకటి కూడా ఉంది. అది జోడుగొట్టాల రైఫిల్ అయితే, రెండు గొట్టాలూ ఒకే చోట తగిలేలా కంపెనీవాళ్ళు ఒకే ఒక్క రకం తూటాకు సరిచేసి అతికిస్తారు. తూటా మారిస్తే ఒకటి అటు, ఒకటి ఇటు పోతుంది. అంత కష్టపడి తన్ను తగ్గించుకుని చివరికి గురి పోగొట్టుకున్నట్టు.

చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు తయారు చేసే హక్కు రాదు. తయారీకి వేరే లైసెన్సు కావాలి. ఊళ్ళో ఒకాయన ఉన్నాడు కదా అని పోతే ఆయనా ఇరుక్కుంటాడు, మనమూ ఇరుక్కుంటాం. మా తాత కాలం వేరు, ఆ ఇత్తడి గుల్లల కథ పెళ్ళిళ్ళలో చెప్పుకోవడానికే.

అసలు ఆ పెద్ద రైఫిల్ పుట్టిన పని కూడా ఇప్పుడు లేదు. 1970లో పులి వేట ఆగింది, 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు మొదటి తొమ్మిది అడవుల్లో మన బందీపూర్ ఒకటి. 2021లో ముదుమలై పక్కన టీ-23 అనే పులి నలుగురిని చంపిందని అల్లకల్లోలమైంది గుర్తుందా? ఆండర్సన్ రాసిన సేగూరు అడవి అదే చుట్టుపక్కల. మూడు వారాలు వెతికి, మసినగుడి దగ్గర మత్తు సూది వేసి ప్రాణాలతో పట్టుకుని మైసూరు తీసుకొచ్చారు. మత్తు సూది తుపాకీలో చాలా రకాలు వాయువు ఒత్తిడితో పనిచేస్తాయి. భుజానికి తన్ను దాదాపు ఉండదు. దూరాన్ని బట్టి ఒత్తిడి తగ్గించుకుంటారు, లేకపోతే సూదే గాయం చేస్తుంది. మందు తగ్గించి కట్టిన తూటా అంటే ఇప్పుడు నాకు గుర్తొచ్చేది ఇదే.

గ్రూపులో అడిగిన మిత్రుడికి, ఇలాంటి ఆస్తి వారసత్వంగా వచ్చిన మిగతావాళ్ళకు నాకు తెలిసిన నాలుగు మాటలు:

ఆ రైఫిల్‌ను ముందు లైసెన్సు ఉన్న తుపాకీ డీలరుకు చూపించండి. దశాబ్దాలు బీరువాలో ఉన్న గొట్టం లోపల తుప్పు ఎలా ఉందో మనకు తెలియదు. పాత తూటాలు ఉంటే వాటిని అసలు కాల్చొద్దు. తన్ను తగ్గాలంటే కొలత చూసి మంచి రబ్బరు మడమ వేయించండి, దీనికి మందుతో పనిలేదు. గురి సరదా అయితే రైఫిల్ క్లబ్బులో చేరి .22తో కాల్చండి. దాని తన్ను మీ మనవడు తోసినంత కూడా ఉండదు.

పెద్దవాళ్ళు పోయాక తుపాకీ ఇంట్లో ఉండిపోతే దాన్ని అటక మీద పెట్టి మరిచిపోవద్దు. లైసెన్సుదారు పోయిన తర్వాత అది ఊరికే ఇంట్లో ఉండటమే నేరమవుతుంది. పోలీస్ స్టేషన్లోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో జమచేసి రసీదు తీసుకోండి. వారసులు కావాలనుకుంటే తమ పేరు మీద దరఖాస్తు చేసుకోవచ్చు. 2016 నిబంధనల ప్రకారం డెబ్బై ఏళ్ళు దాటినా, లేదా తుపాకీ తీసుకుని ఇరవై అయిదేళ్ళు అయినా, బతికుండగానే వారసుడికి బదిలీ కోరే వీలుంది. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, మూడు కాదు. ఇది కూడా చూసుకోండి.

మీ ఇళ్ళలో ఇలాంటి పాత తుపాకీ కథలుంటే కింద రాయండి, అందరం చదువుకుంటాం. తూటాలు కట్టేవాళ్ళ ఫోన్ నంబర్లు మాత్రం దయచేసి పెట్టకండి.