శ్రావణంలో డాబా కబుర్లు

మూడు రోజులు ముసురు పట్టి వదిలింది. డాబా ఎక్కి చూస్తే డ్రాగన్ ఫ్రూట్ తీగకు ఏడు మొగ్గలు! నిన్న రాత్రి రెండు విచ్చాయి. పక్కింటి వదినా నేనూ పదింటికి టార్చి పట్టుకుని వెళ్లాం. జానెడు పైనే ఉన్న తెల్లపువ్వు, లోపల కుచ్చులా పసుపు కేసరాలు. ఎండ ఎక్కేసరికి వేలాడిపోయింది. పండు తినడానికి నెల ఆగాలి.

ఈ ముళ్ల తీగ పండు కోసమేనని చాలామంది అనుకుంటారు. నర్సరీల్లో మూడు పలకల పచ్చకాడ మీద ఎర్రబంతి కూర్చున్న మూన్ కాక్టస్‌ని చూశారుగా, ఆ కాడ ఈ తీగదే. ఎర్రబంతిలో పత్రహరితం లేదు, సొంతంగా బతకలేదు. 1941లో జపాన్‌లో వతనబే అనే నర్సరీ ఆయన ఇలాంటి ఎర్రమొలకల్ని పచ్చ కాక్టస్ మీద అంటుకట్టి నిలబెట్టాడు. వంటంతా కిందిది చేస్తుంది, పేరంతా పైదానిది. నాకు మాత్రం కిందిదంటేనే ప్రేమ.

మా మూన్ కాక్టస్ కాడ ఈ వానాకాలంలో అడుగున మెత్తబడింది. అందుకే ముసురుకు ముందే, ఎండ కాసిన రోజు చూసి, దాని పిల్లబంతిని కొత్త కాడకు కట్టాను. స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో కాడ తల అడ్డంగా కోసి, మూడు అంచులూ ఏటవాలుగా చెక్కాలి. తొక్క ముడుచుకోదు, లోపలి కండ ఆరి గుంటపడుతుంది, చెక్కకపోతే బంతి పైకి లేచిపోతుంది. కోసినచోట మధ్యలో చిన్న వలయం కనిపిస్తుంది. బంతి అడుగునా అలాంటిదే ఉంటుంది. రెండూ కాస్తయినా ఒకదాన్నొకటి దాటాలి, లేకపోతే నీళ్లు పైకెక్కవు. అందుకే సరిగ్గా నడిమధ్య కాక ఓ పక్కకు జరిపి పెట్టాను. కుండీ అడుగు నుంచి బంతి మీదుగా రెండు రబ్బరు బ్యాండ్లు ఒకదానికొకటి అడ్డంగా బిగించి, చుక్క నీరు పడకుండా మెట్ల కింద నీడలో ఉంచాను.

కొనుక్కున్నవాళ్లకు ఒక మాట. కాక్టస్ కదా అని నీళ్లు మానేయకండి. అడుగున ఉన్నది ఎడారిది కాదు, అడవిలో చెట్లకు పాకే తీగ. చలికీ తట్టుకోదు. కాడకు పిలక వస్తే గిల్లేయండి, బలమంతా అటు పోతుంది.

ఇలా కింది కాడగా పనికొచ్చే ఈ తీగ చుట్టం ఇంకొకటుంది, పెరెస్కియా. ఆకులూ కొక్కెపు ముళ్లూ ఉన్న పాకుడు కాక్టస్. క్రిస్మస్ కాక్టస్‌ను దానికి అంటుకడతారు. బ్రెజిల్‌లో దాని ఆకులు కూరొండుకుంటారు.

మా అంటుకు ఇవాళ ఎనిమిదో రోజు. బంతి మిసమిసలాడుతోంది, రబ్బర్లు ఎల్లుండి విప్పుతాను. తీగ కత్తిరిస్తే వచ్చిన కాడలు ఆరు, గోనె మీద ఆరుతున్నాయి. వరలక్ష్మీ వ్రతం పేరంటానికి వచ్చినప్పుడు తలా ఒకటి పట్టుకెళ్లండి.