సగం దారిలో పండగ

పిట్స్‌బర్గ్ నుంచి షికాగోకి దాదాపు 460 మైళ్ళు. సరిగ్గా మధ్యలో, ఒహాయోలో టొలీడో ఉంది. 2024 థాంక్స్ గివింగ్ మేం అక్కడ ఒక మోటెల్లో చేసుకున్నాం.

కారణం కుక్క. షికాగోలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దాన్ని తెచ్చుకున్న కొత్తలో, "పూజగది ఉన్న ఇల్లు, కుక్క అడుగు పెట్టడానికి వీల్లేదు" అని ఫోన్లో కరాఖండీగా చెప్పాను. "సరే నాన్నా" అంది. రెండేళ్ళు ఇంటికి రాలేదు.

ఓ రోజు మా ఆవిడ, "కుక్కను వదిలి స్వర్గానికి కూడా రానన్నాడు ధర్మరాజు. మన ఇల్లు అంతకంటే గొప్పదా?" అంది. అయినా ఇంటికి రమ్మనడానికి నాకు నోరు రాలేదు. సగం దారి మేమే వస్తామన్నాను.

పులిహోర, గారెలు కట్టుకుని నాలుగు గంటల్లో చేరాం. టైమ్‌జోన్ మారి అమ్మాయికి ఒక గంట పోయింది. కుక్క కారు దిగుతూనే నా బూట్లు వాసన చూసి, పక్కనే చతికిలబడింది.

సాయంత్రం మామీ నది ఒడ్డున నడిచాం. (పేరు వినగానే మద్రాసులో మా ఎదురింటి మామీ గుర్తొచ్చింది.) చలికి అమ్మాయి చేతులు కొంకర్లు పోతుంటే కుక్క తాడు నేను పట్టుకున్నాను. ఉద్యోగం మారిన సంగతీ, జ్వరంతో వారం రోజులు మంచం పట్టిన సంగతీ అప్పుడు చెప్పింది.

"ఎవరు చూసుకున్నారమ్మా?" అన్నాను. కుక్క వైపు చూసింది.

మర్నాడు కారెక్కుతూ, "ఉగాదికి కూడా ఇక్కడేనా నాన్నా?" అంది.

"పూజగదికి తలుపుంది కదమ్మా" అన్నాను.