గర్జనలోని మాట

భరతముని ఎనిమిది రసములను చెప్పి, భయానక బీభత్సములకు కూడ శృంగార వీరములతో సమానముగ పీట వేసినాడు. తరువాత వచ్చిన ఆలంకారికులు ఆ పీటను తీసివేయలేదు గాని, దానిమీద ఎక్కువసేపు కూర్చున్నవారు తక్కువ. శృంగారమునకు ఉదాహరణములు కోకొల్లలు. బీభత్సమునకు వచ్చుసరికి ఒక శ్మశానమును, రెండు పిశాచములను, నాలుగు ప్రేగులను చూపి, గ్రంథకర్త ముక్కు మూసికొని ముందుకు సాగిపోవును. బీభత్సమునకు స్థాయి జుగుప్స అని ఎం. ఏ. చదువు దినములలో నేనును వల్లించినాను. అయితే ఆ జుగుప్సను కోరి వెదకికొని, కన్నులు మూసికొని ఆనందించువారు నేటి లోకములో లక్షల మంది ఉన్నారనియు, వారిలో ఒకడు మా ఇంటి పిల్లవాడేననియు తెలిసిన పిమ్మటగాని ఆ అధ్యాయమును నేను మరల తెరువలేదు.

ఆ సంగీతము పేరు డెత్ మెటల్. అనువాదకురాలిని గనుక ముందుగ పేరు తెనిగింపబోయినాను. ‘మృత్యులోహము’ అనినచో వైద్యుని సంచిలోని భస్మమువలె ధ్వనించినది. ఉన్న పేరే ఉండనిచ్చెదను.

అది పుట్టినది అమెరికాలో, 1980వ దశకము నడుమ. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు పొసెస్డ్ అను బృందము 1985లో వెలువరించిన తొలి ఆల్బములో ఒక పాటకు ఈ పేరే పెట్టినది. ఫ్లోరిడాలో చక్ షుల్డినర్ నడిపిన డెత్ అను బృందము తొలి ఆల్బము 1987లో వచ్చినది. పిదప ఫ్లోరిడాలోని టాంపా నగరము ఈ సంగీతమునకు కాశీ వంటిదైనది. అక్కడి మోరిసౌండ్ అను స్టూడియోకు దూరదేశముల బృందములు కూడ వచ్చి రికార్డు చేసికొని పోయెడివి. 1990 నాటికి స్వీడను దేశమున స్టాక్‌హోము యువకులు తమదైన వేరొక బాణీ కట్టినారు. టాంపా సముద్రపు ఒడ్డున ఎండ కాయు ఊరు. ఉద్యోగములు విరమించిన వృద్ధులు చలి తప్పించుకొనుటకు పోవు రాష్ట్రము ఫ్లోరిడా. చీకటిని పాడువారు చీకటిలోనే పుట్టవలెనను నియమము లేదు కాబోలు.

వినని వారి కొరకు ఆ సంగీతమును కొంచెము వర్ణింపవలెను. గిటారు తీగలను మామూలు శ్రుతికంటె బాగుగ దించి కట్టుదురు. ఆ నాదమును విద్యుద్యంత్రములతో చీల్చి, గరుకుగ, బురదవలె చిక్కగ చేయుదురు. డ్రమ్ములవాడు చేతులతోబాటు రెండు పాదములను కూడ వాద్యముపై నడిపించును. లయ నిమిషమునకు 200 దెబ్బలు దాటుట అరుదు కాదు. గాయకుడు రాగము తీయడు, గర్జించును. మన కంఠములో స్వరతంత్రులకు పైన మరియొక జత మడతలు కలవు. మాటలాడునపుడు వానితో మనకు పని లేదు. వీరు వానినే కదలించి ఆ గర్జనను పుట్టింతురు. విద్య మరీ క్రొత్తదియు కాదు. దక్షిణ సైబీరియాలోని తువా గాయకులు కర్గిరా అను పద్ధతిలో ఆ మడతలనే పలికింతురు. ధర్మశాల దగ్గర సిద్ధబాడీలో గ్యూతో మఠపు టిబెటు భిక్షువుల మంత్రపఠనము నేను విన్నాను. కొండగుహ గొంతు విప్పినట్లుండెడి ఆ నాదమునకు అప్రయత్నముగ చేతులు జోడించినాను. ఇంచుమించు అట్టి గొంతే మా చెల్లెలి ఇంటిలో, గడియ పెట్టిన తలుపు వెనుకనుండి వినవచ్చినపుడు నాకు చేతులు జోడింపబుద్ధి పుట్టలేదు. ధ్వని ఎంత దగ్గరి చుట్టమైనను, మఠము మఠమే, తలుపు తలుపే.

ఈ సంగీతము నచ్చనివారిని సంగీతజ్ఞానము లేనివారని తీసివేయుట అభిమానులకు అలవాటు. అది న్యాయము కాదు. గర్జన మనుష్యుని చెవికి అనాదిగ బెదిరింపు. మాట తెలియక గొంతు మాత్రము కోపముగ వినబడినచో, చెవి అర్థము కొరకు ఆగదు. దేహము ముందే ముడుచుకొనును. దీనికి తోడు ఆల్బముల అట్టలపై కుళ్లిన శవములు, పుర్రెలు. ఆ పైన వార్తల కలగాపులగము: నార్వేలో 1992 జూన్‌లో బెర్గెన్ దగ్గర ఫాంటోఫ్ట్ అను పురాతనమైన కొయ్య చర్చి దగ్ధమైనది, ఆ కాలపు చర్చి దహనములు బ్లాక్ మెటల్ అను వేరొక శాఖవారికి సంబంధించినవి. బయటివారికి ఆ భేదము పట్టదు. పట్టవలెనని కోరుటయు కష్టమే; మనలో ఎందరికి హిందుస్తానీలో ధ్రుపదమునకు, ఖయాలునకు గల భేదము వినిన వెంటనే తెలియును?

మా చెల్లెలికి ఈ భేదములతో పని లేదు. భర్త పోయిన రెండేండ్లనుండి ఆమెకు ఉన్నది ఈ కొడుకు ఒక్కడే. ఇంజనీరింగు చదువుచున్నాడు, తండ్రి పోయినది మొదలు ఇంటిలో మాట తగ్గించినాడు. ఒకనాడు ఆమె నాతో, “అక్కా, నీకు హిందీ, ఇంగ్లీషు రెండూ వచ్చును గదా. వీడు రాత్రింబగళ్లు వినే పాటల్లో ఏమున్నదో తెలుగులో వ్రాసిపెట్టు. అంతా చావును గురించేనట. నాకు నిద్ర పట్టడము లేదే,” అన్నది. ముప్పది యేండ్లుగ అనువాదములు చేయుచున్నాను. ఇంత అవసరముతో అడిగిన పాఠకురాలు నాకు ఎన్నడును దొరకలేదు. పిల్లవాడు కూడ సంకోచింపక పది పాటల పేర్లు వ్రాసి యిచ్చినాడు.

మొదట పట్టుకొన్నది లివర్‌పూల్ నగరపు కార్కస్ బృందము పాట. 1988, 1989లలో వచ్చిన వారి తొలి రెండు ఆల్బములు ఈ రంగములో ప్రసిద్ధములు. ఆ పాటలనిండ వైద్యనిఘంటువులోని లాటిను, గ్రీకు పదములే. ఇంగ్లీషువారికి కూడ నిఘంటువు లేనిదే అర్థము కావు. నేను సంస్కృతపదములు వెదకి వెదకి పెట్టినాను. పూర్తియైన పిమ్మట చదివికొనగ, సుశ్రుతుని శారీరస్థానములో శవమును ఏడు రాత్రులు నీటిలో నాననిచ్చి, పొరపొరగ పరీక్షింపుమని చెప్పిన భాగమునకు తోబుట్టువువలె ఉన్నది. జుగుప్స పోయి శాస్త్రము మిగిలినది. ఆ బృందమువారు శాకాహారులనియు, మాంసభక్షణముపై వెక్కిరింపు కూడ ఆ పాటలలో కలదనియు తెలిసి నవ్వుకొన్నాను. ఇక కొన్ని పాటలు కాగితముమీద ఉత్త పిల్లచేష్టలుగ కనబడినవి. మరికొన్ని, ముఖ్యముగ షుల్డినర్ 1991 తరువాత వ్రాసినవి, మనుష్యుని వంచన, కాలము, మనస్సు అను విషయములపై గంభీరమైన ఆలోచనలు.

అసలు చిక్కు అప్పుడు ఎదురైనది. కాగితముమీద నేను దించిన మాటలు నమ్మకమైనవే. కాని పాటలో ఆ మాటలు వినబడవే! గర్జన వానిని నమలి మ్రింగివేసినది. చెవికి చేరనిదానిని కన్నుల యెదుట నిలిపినచో అది అనువాదమా, కూటసాక్ష్యమా? గొంతు, వేగము, తాళము, చీకటిగది అన్నిటిని తీసివేసి, ఎముకలవంటి మాటలను తల్లి చేతిలో పెట్టి, నీ కొడుకు వినునది ఇది అని చెప్పుట సత్యమగునా?

ఈ ప్రశ్నకు కొంత సమాధానము సిడ్నీలోని మెక్వారీ విశ్వవిద్యాలయములో దొరకినది. అక్కడ విలియం ఫోర్డ్ థాంప్సన్, కర్క్ ఓల్సెన్ మొదలగువారు 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారము, అలవాటుపడిన శ్రోతలు ఆ గర్జనలోని మాటలను ఇతరులకంటె బాగుగ పట్టగలరు. అనగా మాట అక్కడ ఉన్నది. చెవికి శిక్షణ కావలెను. వారిదే మరియొక పరిశోధనలో, ఒకే పాటకు అభిమానులు ఉత్సాహము, శక్తి, శాంతి కలిగినవని చెప్పగ, ఇతరులు భయము, ఉద్రిక్తత, కోపము కలిగినవని చెప్పినారు. శాంతి యను మాట చూచి నేను రెండవసారి చదివినాను. 2019లో 32 మంది అభిమానులను, 48 మంది ఇతరులను కూర్చుండబెట్టి, ఒక కంటికి హింసాచిత్రమును, వేరొక కంటికి మామూలు చిత్రమును ఒకేసారి చూపినారు. హింసాచిత్రమునకు మనస్సు ఎక్కువగ తగులుకొనుట రెండు వర్గములలోను కనబడినది. పాటలు విని విని అభిమానుల మనస్సు మొద్దుబారినదను జాడ అందులో కనబడలేదు. 2015లో బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమువారు 39 మంది మెటల్ శ్రోతలకు ముందుగ కోపము తెప్పించి, కొందరికి వారి పాటలు వినిపించి, కొందరిని నిశ్శబ్దముగ ఉంచినారు. పాటలు కోపమును పెంచలేదు. విన్నవారికి పైగ ఉత్సాహము కలిగినది.

మన ఆలంకారికులు ఈ ప్రయోగములు చేయకయే ఈ తగవు నడిపినారు. రసములన్నియు ఆనందమయములే, శోక జుగుప్సలు కూడ కావ్యములో ఆస్వాద్యములేనని అభినవగుప్తుని పక్షము. పండ్రెండవ శతాబ్దమున గుజరాతులో హేమచంద్రుని శిష్యులైన రామచంద్ర గుణచంద్రులు నాట్యదర్పణములో దీనిని ఒప్పుకొనలేదు. కరుణ రౌద్ర బీభత్స భయానకములు దుఃఖమునే కలిగించును. ప్రేక్షకుడు చివర పొందు సంతోషము కవియొక్కయు నటునియొక్కయు నేర్పును చూచి కలిగిన విస్మయమే యని వారి వాదము. తల నరకిన శత్రువైనను వాని కత్తివాటమునకు వీరులు అబ్బురపడుట లేదా అని వారు ఎత్తిచూపిన దృష్టాంతము. నచ్చనివారు మొదటి వాక్యము దగ్గర ఆగినారు; మా పిల్లవాడు రెండవ వాక్యమునకు సాక్షి. ఏమి వినుచున్నావురా అని అడిగిన, శవములను గూర్చి ఒక్క ముక్కయు చెప్పక, డ్రమ్ములవాని పాదములను గూర్చియు, తాళము మారు చోట్లను గూర్చియు గంటసేపు చెప్పినాడు.

నేర్పు ఒక్కటే చాలదనియు నాకు తోచుచున్నది. కథకళిలో దుర్యోధనవధ ఆడునపుడు రౌద్రభీముడు దుశ్శాసనుని రొమ్ము చీల్చి, ప్రేగులు పెరికి, నెత్తురు త్రాగును. వేకువజాము వరకు పిల్లలతోసహా కూర్చుండి చూతురు. భట్టనారాయణుని వేణీసంహారములో మూడవ అంకమునకు ముందు రుధిరప్రియుడు, వసాగంధ అను రాక్షసదంపతులు యుద్ధభూమిలో నెత్తురును క్రొవ్వును కూర్చుకొనుచు సంసారపు ముచ్చట్లాడుదురు. మన తిక్కన కర్ణపర్వములో దుశ్శాసనవధను దాటవేయలేదు. ఆ నెత్తురు నాది కాదు, నా శత్రువుది కాదు, అయినను నాకు పరాయిది కాదు. ఈ స్థితినే భట్టనాయకుడు సాధారణీకరణ మన్నాడు. నచ్చనివాని చెవికి ఆ గర్జన తనమీదికి వచ్చుచున్నది. నచ్చినవాడు గర్జించువాని ప్రక్కన నిలిచి వినుచున్నాడు. భేదము స్వభావములో కాదు, నిలుచున్న చోటులో ఉన్నది.

అన్ని పాటలకు ఈ వాదము రక్షణ కాజాలదు. కానిబల్ కార్ప్స్ అను ప్రసిద్ధ బృందము తొలి మూడు ఆల్బముల పాటలను జర్మనీలో 2006 వరకు వేదికలపై పాడనీయలేదు. నిషేధములపై నాకు గౌరవము లేదు. అయినను 1992లో వచ్చిన వారి మూడవ ఆల్బములోని కొన్ని పాటలు చదివి కాగితము మూసినాను. వానిలో చంపబడునది, చెరుపబడునది స్త్రీయే. అది ఉత్త భయానకచిత్రము వంటి కల్పన, పెద్దమ్మా, అన్నాడు పిల్లవాడు. కల్పనయే. కాని భీముడు రొమ్ము చీల్చినది ద్రౌపది కొప్పు కొరకు. ఇక్కడ చీల్చబడునది ద్రౌపదియే. గర్జించువాని ప్రక్కన నిలువుమనినచో నేను నిలువలేను, స్త్రీశ్రోతలెందరో నిలుచుచున్నారని తెలిసినను. జాబితాలో అట్టివి రెండున్నవి. ఆ రెండింటిని తెనిగింపలేదు. తెనిగింపలేదని పైననే వ్రాసి మా చెల్లెలికి ఇచ్చినాను.

ఆమె కళ్లజోడు పెట్టుకొని ఎనిమిది పాటలును చదివినది. సుశ్రుతుని దగ్గర కొంచెము తడుముకొన్నది. “ఇవన్నీ నీకు వినపడతాయట్రా?” అని కొడుకును అడిగినది. వాడు హెడ్‌ఫోన్ ఆమె చెవులకు పెట్టినాడు. ఒక నిమిషము ఓర్చుకొని తీసివేసినది. ఆ సంగీతము ఆమెకు అప్పుడు నచ్చలేదు, ఇప్పుడును నచ్చదు. ఆమె అడిగినది వేరొకటి: “అట్లా అరిస్తే ఆ పిల్లవాడికి గొంతు నొప్పి పుట్టదూ?”

దానికి వాడు చెప్పసాగినాడు. పై మడతలు, ఊపిరి పట్టు, సరిగా నేర్వనివారికి గొంతు చెడుట, అన్నియును. మాట షుల్డినర్ మీదికి పోయినది. అతనికి తొమ్మిదేండ్లప్పుడు పదునారేండ్ల అన్న కారు ప్రమాదములో పోయినాడని, ఆ దుఃఖమునుండి పిల్లవానిని మరలించుటకు తలిదండ్రులు గిటారు కొనియిచ్చినారని, డెత్ బృందము అట్లు మొదలైన చేతులలోనిదేయని, అతడును 2001 డిసెంబరులో మెదడులోని కణితితో 34వ యేట పోయినాడని చెప్పినాడు. మా చెల్లెలు చాలసేపు ఊరకున్నది.

“ఆ తల్లికి ఇంకెవరైనా మిగిలినారా?” అని అడిగినది.

ఒక కూతురున్నదని వాడు చెప్పినాడు.